పదిహేడో నంబరు గరాటుబండి

ఆసుపత్రిలో అందరూ ఆమెను గూడ్సమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఎక్స్‌రే గదిలో పనిచేస్తున్న మనిషికి ఆ పేరేమిటని కొత్తగా చేరిన నర్సులు అడిగితే, పాతవాళ్లు నవ్వి, "ఆవిడ సెలవురోజు చూడండి, గూడ్సుబండి ఎక్కడుంటే అక్కడుంటుంది" అని చెబుతారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వారమంతా సీసపు కోటు భుజాన మోస్తూ విరిగిన చేతులనూ నెమ్ము పట్టిన ఛాతీలనూ ఫొటోలు తీసే ఆ మనిషి, ఒక్కరోజు సెలవు దొరికితే చాలు, కెమెరా సంచీ తగిలించుకుని పట్టాల పక్కకు పోయి నిలబడేది. యాభై మూడేళ్లు వచ్చాయి, మోకాళ్లు అరిగాయి, అయినా ఆ పిచ్చి మాత్రం అరగలేదు.

"మనుషుల ఎముకలు చాలవని బండ్ల ఎముకలు కూడానా!" అనేవాడు ఆమె భర్త. ఆయన రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పనిచేస్తాడు. ఈమె వచ్చే వేళకు ఆయన పోతాడు, ఆయన వచ్చే వేళకు ఈమె పోతుంది. ముప్పై ఏళ్ల కాపురంలో సగం గుమ్మం దగ్గరే గడిచిపోయిందని ఇద్దరూ నవ్వుకుంటారు.

అన్ని గూడ్సుబండ్లూ ఆమెకు ఇష్టమే గానీ, ప్రాణం మాత్రం గింజలు మోసే పాత బండ్ల మీద. ఒకప్పుడు ధాన్యాన్ని బస్తాల్లో కుట్టి రైలుకెత్తేవారు. ఆ తర్వాత గరాటుబండ్లు వచ్చాయి. వాటికి పైకప్పు మీద గుండ్రటి మూతలుంటాయి. మూత తీసి గింజలు పోస్తారు. చేరాల్సిన చోటికి చేరాక కింద గరాటులాంటి నోళ్లు తెరిస్తే గింజలన్నీ జారి గోతిలో పడతాయి. మొట్టమొదట చేసినవి ఇరవై బండ్లు, నాలుగువేల ఒకటి నుంచి నాలుగువేల ఇరవై దాకా నంబర్లు. వాటి వెనక రెండో విడతగా ఎనభై వచ్చాయి. చూడ్డానికి రెండు విడతలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఇనుము కరువైన కాలంలో తుక్కుకింద పోగా, మొదటి ఇరవైలో ఒక్కటి కూడా మిగల్లేదనే అందరూ అనుకునేవారు.

ఈ విద్యంతా ఆమెకు అబ్బింది అన్నయ్య దగ్గర. ఆయన ఇరవై ఏళ్లకే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. తర్వాత ఆగిన ప్రతి బండి పక్కనా నడుస్తూ, చక్రాల మీద సుత్తితో కొట్టి, చప్పుడును బట్టి పగులుందో లేదో చెప్పే పనిలోకి మారాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఆ చప్పుడు విని విని కుడిచెవి పోయింది, ఎడమచెవి సగం పోయింది. రిటైరై నాలుగేళ్లయింది. చెల్లెలు తీసిన ఫొటో ఏది చూపించినా, ఇది ఫలానా విడత, ఇది ఫలానా షాపులో బాగుచేసింది అని టక్కున చెప్పేవాడు. మొదటి విడతకూ రెండోదానికీ తేడా చెప్పింది కూడా ఆయనే. "మొదటిదానికి కింది అంచు పొడవునా రివెట్లుంటాయి. రెండోదానికి వెల్డింగు. అంతే. మట్టి పట్టిందంటే ఆ దేవుడికి కూడా తెలీదు."

ఆ ఏడు వానలు వెలిసిన వారంలో, మూతపడ్డ పిండిమర ఫ్యాక్టరీ వెనక, పట్టాలు కూడా కనిపించనంత గడ్డిలో ఆమెకొక గరాటుబండి కనిపించింది. చక్రాలు సగం నేలలో కూరుకుపోయాయి. కింది అంచు నిండా గట్టిపడిన మట్టీ తారూ. రంగు మీద రంగు ఆరుపొరలున్నాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు, ఆ పొరల కింద నంబరు ప్లేటు మీది అంకెలు ఉబ్బెత్తుగా నీడలు వేశాయి. నాలుగు, సున్న, ఒకటి, ఏడు.

ఆమె అక్కడికక్కడే గడ్డిలో కూర్చుని నలభై ఫొటోలు తీసింది. ఇంటికి వస్తూనే అన్నయ్యకొక ఫొటో పంపి, ఫోను చేసింది.

"అన్నయ్యా! నాలుగువేల పదిహేడు! మొదటి విడతది! దొరికింది!"

అవతల చాలాసేపు మాట లేదు. వినపడలేదేమోనని ఇంకోసారి అరిచింది.

"వినపడింది" అన్నాడాయన. "ఫొటో పంపావుగా, చూశాను. నంబరు కరెక్టుగానే చదివావు."

"అంతేనా?"

"నంబరు కరెక్టే చదివావమ్మా. ఒంట్లో బాలేదు, పడుకుంటాను" అని పెట్టేశాడు.

ఆ ఆనందంలో ఆమెకు ఇంకేమీ తట్టలేదు. రైల్వే మ్యూజియానికి రాసింది. అక్కడి ఆఫీసరు ముప్పై ఏళ్ల అమ్మాయి, కాలికి చక్రాలున్నట్టు తిరిగే మనిషి. మర్నాడే వచ్చి చూసింది. రెండు నెలల్లో అనుమతులు తెచ్చి, క్రేను తెచ్చి, బండిని గడ్డిలోంచి పెకలించి మ్యూజియం ఆవరణలో పట్టాల ముక్క మీద నిలబెట్టింది. పేపరులో ఫొటో వచ్చింది. బండి పక్కన ఆమె, ఎండకు కళ్లు చిట్లించుకుని. ఆసుపత్రిలో ఆ కాగితం కత్తిరించి ఎక్స్‌రే గది తలుపుకు అంటించారు. పెద్ద డాక్టరు కూడా ఆగి చదివి, "పరవాలేదమ్మా, నీ కన్ను మంచిదే" అన్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆయన ఆమెతో పనికి సంబంధం లేని మాట మాట్లాడ్డం అదే మొదలు.

బండి ప్రదర్శన ప్రారంభానికి రెండు వారాలుందనగా ఆఫీసరమ్మ ఫొటోలు పంపింది. "మేడమ్, రంగంతా గీకించి కడిగించాం, ఎంత అందంగా ఉందో చూడండి. బోర్డు మీదికి మూడే మూడు వాక్యాలు రాసిపెట్టండి, అచ్చుకివ్వాలి."

మధ్యాహ్నం భోజనం డబ్బా తెరిచి పెట్టుకుని ఆ ఫొటోలు చూసింది. మొదటిది ముందువైపు, రెండోది పైకప్పు. మూడోదాంట్లో కింది అంచు, మట్టీ తారూ వదిలి శుభ్రంగా బయటపడింది. ఆమె బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్క రివెట్టు లేదు. ఎక్కడా అతుకు మార్చిన గుర్తు కూడా లేదు. పుట్టినప్పుడే వేసిన వెల్డింగు, గీత గీసినట్టు సాఫీగా ఉంది.

నాలుగో ఫొటో తెరిచింది. ప్లేటు ఊడదీసి పక్కన పెట్టారు. దాని వెనక ఇనుము మీద నాలుగు బోల్టు బెజ్జాలున్నాయి. వాటికి వేలెడంత దూరంలో, పుట్టీతో పూడ్చిన పాత బెజ్జాలు మరో నాలుగు.

ఆ ఇనుము మీద రెండు ప్లేట్లు ఉండి వెళ్లాయి. ఎముక మీద పాత పగులు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో, అంత స్పష్టంగా ఆమెకు అర్థమైంది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, రెండో విడత బండికి పదిహేడు పేరు తగిలించారు. ఆ పేరును లోకానికి చాటింది తను. డబ్బా మూత పెట్టేసింది.

డ్యూటీ దిగగానే ఇంటికి పోకుండా అన్నయ్య ఇంటికి పోయింది. తలుపు తీసిన వదిన ఆమె మొహం చూసి, "ఏమైంది నీకు, అలా పీక్కుపోయావు?" అంది.

"అన్నయ్య ఏడి?"

"ఎక్కడికి పోతాడు? వెనక గదిలో మేకులేరుకుంటున్నాడు. రెండు నెలల్నుంచీ అదే పని. మాట లేదు, మంతి లేదు. తేలుకుట్టిన దొంగలా ఆ మూల కూర్చుంటాడు. అడిగితే చెవి వినపడనట్టు నటిస్తాడు. నిజంగా చెవుడున్న వాడు నటిస్తే ఎలా పట్టుకోవడం, చెప్పు!"

వెనక గదిలో అన్నయ్య బల్లముందు కూర్చుని, పాత డబ్బాలోని మేకులూ బోల్టులూ సైజుల వారీగా గిన్నెల్లో వేస్తున్నాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి నాలుగో ఫొటో చూపించింది. ఆయన కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

"బెజ్జాలు కనిపెట్టావన్నమాట" అన్నాడు. "పుట్టీ పెట్టాను గానీ, సరిగ్గా అతకదని అప్పుడే అనుకున్నాను."

ఆమె అరిచింది. కోపం కొంత, ఆయన చెవి కోసం కొంత.

"నువ్వా! నువ్వు మార్చావా? మరి ఫోన్లో అడిగితే కరెక్టే అన్నావే?"

"నంబరు కరెక్టే చదివావన్నాను. అది నిజమేగా."

"అన్నయ్యా!"

"కూర్చో" అన్నాడాయన. చెవుడున్న వాళ్లందరిలాగే ఆయన గొంతూ పెద్దది. నలభై రెండేళ్లు ఎవరికీ చెప్పని సంగతి, వంటింట్లో ఉన్న వదినకే కాదు, పక్కింటికి కూడా వినపడేటట్టు చెప్పాడు.

అప్పటికి ఆయనకు ఇరవై రెండు. వర్క్‌షాపు పక్కనే బండ్లను నిలిపి గింజలు దించే సైడింగు. అక్కడ లోడింగు మనుషుల్లో ఒకడుండేవాడు. ఆరడుగుల పైన ఎత్తు, అందుకే అందరూ వాణ్ణి బుల్లోడు అని పిలిచేవారు. వాడు నడుస్తుంటే గుమ్మాలన్నీ తలొంచమనేవి. వర్క్‌షాపులో కొత్తగా చేరిన కుర్ర ఫిట్టరును రోజూ ఏడిపించేవాడు, ఏడిపించాక తన రొట్టెలో సగం విరిచి ఇచ్చేవాడు.

"ఓ రోజు పదిహేడో బండిలో గింజ ఇరుక్కుంది. తడి తగిలి గడ్డకట్టింది. కింద నోరు తెరిచారు, గింజ జారట్లేదు. వాడు పైకెక్కి మూత దగ్గర నిలబడి గెడతో పొడుస్తున్నాడు. ఒక్కసారిగా గడ్డ విడిపోయింది. కాలు జారింది. మొదటి ఇరవై బండ్లకీ మూత కింద జాలీ ఉండేది కాదు. జాలీ అంటే ఇనప చట్రం. గింజ కిందికి పోతుంది గానీ మనిషి పోడు. రెండో విడతకి పెట్టారది. మొదటిదానికి లేదు." ఆయన ఒక బోల్టు తీసి గిన్నెలో వేయబోయి, వేయకుండా చేతిలోనే పట్టుకున్నాడు. "గింజలో పడితే నీళ్లలో పడ్డట్టు కాదు. ఈత రాదు అందులో. మేం నోళ్లన్నీ తెరిచి వాణ్ణి దించేసరికి..."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

విచారణ పడింది. విచారణ అయ్యేదాకా పదిహేడో బండిని కదపొద్దని ఆర్డరు వచ్చింది. పంట చేతికొచ్చిన రోజులవి, బండ్లకు కరువు. ఫోర్‌మన్ ఆదివారం నాడు కుర్ర ఫిట్టరును ఒక్కణ్ణే పిలిపించాడు. వర్క్‌షాపులో చక్రాల మరమ్మతుకని మూలపడి ఉన్న అరవై మూడో బండి ప్లేటు ఊడదీయించి పదిహేడుకు పెట్టించాడు, పదిహేడు ప్లేటు దానికి పెట్టించాడు. పెయింటు నంబర్లూ మార్పించాడు. కదపొద్దన్న పదిహేను టన్నుల ఇనుము పేరు మార్చుకుని మర్నాడే గింజలెత్తుకుని పోయింది.

"ఉత్త కాగితం పనే అన్నాడు. కదలకుండా పడుండే బండి ఏదైతేనేం అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. నెల తర్వాత విచారణవాళ్లు వచ్చారు. పదిహేడు అని రాసున్న బండి పైకెక్కారు. మూత తీశారు. కింద జాలీ ఉంది." ఆయన చెల్లెలి మొహంలోకి మొదటిసారి చూశాడు. "జాలీ ఉన్న బండిలో మనిషెలా పడతాడు? గెడ పెట్టడానికి వాడే జాలీ తీసుంటాడని రాశారు. అజాగ్రత్త అని రాశారు. తప్పు వాడిదే అయింది."

"నువ్వు అక్కడ ఉన్నావా?"

"వాళ్లు ఎక్కిన నిచ్చెన పట్టుకున్నది నేనే."

ఆయన చేతిలోని బోల్టును గిన్నెలో వేశాడు. తర్వాత ఆయనే అన్నాడు. "అక్కడితో అయిపోలేదు. తర్వాత జాలీ లేని బండ్లన్నిటికీ జాలీలు వేయమని ఆర్డరొచ్చింది. పదిహేడు అప్పటికి అరవై మూడు అయి తిరుగుతోంది, కాగితంలో రెండో విడతది గనక జాలీ ముందే ఉన్నట్టు లెక్క. కాబట్టి దానికి వేయలేదు. పాతికేళ్లు అది తిరిగింది. పాతికేళ్లు జనం దానిపైకెక్కారు. ఇంకెవరూ పడలేదు. నేను ఆపబట్టి కాదు, పడలేదంతే."

ఆమె లేచింది. కోపమో జాలో ఏదో ఒకటి బాగా వస్తే మాటలూ వచ్చుండేవి. వచ్చింది అలసట. వదిన గుమ్మంలో నిలబడి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇన్నేళ్లూ రొట్టె ఎందుకు ముట్టవయ్యా అంటే పడదన్నావు" అంది మొగుడితో, మెల్లగా. అది ఆయనకు వినపడలేదు.

మూడు రోజులు ఆమె బోర్డుకు ఒక్క వాక్యం రాయలేదు. ఆఫీసరమ్మ రోజూ ఫోను చేసి, "మేడమ్, మూడే వాక్యాలు" అనేది. "రేపు" అనేది ఈమె. నిజం రాస్తే అన్నయ్య పరువు పోతుంది. రాయకపోతే, బండ్ల కేటలాగుల్లో ఒక్క రివెట్టు తప్పు పడ్డా పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసిన మనిషి, తెలిసి తెలిసి అబద్ధానికి బోర్డు కట్టినట్టవుతుంది. గుమ్మం దగ్గర దొరికిన అయిదు నిమిషాల్లో భర్తకు సంగతి చెప్పింది.

"రాయకపోతే ఏమవుతుంది?" అన్నాడాయన, చెప్పులేసుకుంటూ.

"ఏమీ కాదు. నలభై రెండేళ్లుగా ఏమీ కాలేదు. అదే నా బాధ."

ఆయన ఒక చెప్పు వేసుకుని ఆగాడు. "చనిపోయినవాడికి ఎవరున్నారు?"

"భార్య ఉండేదట. ఆ ఏడే వెళ్లిపోయిందట. ఎక్కడికో తెలీదు."

ఆయన రెండో చెప్పు కూడా వేసుకుని, ఆమె తల మీద ఓసారి చెయ్యి పెట్టి, పనికి పోయాడు.

నాలుగో రోజు ఉదయం ఎక్స్‌రే గది ముందు ఎప్పట్లాగే జనం. ఆమె చీటీలు చూసి నంబర్లు పిలుస్తోంది. ఇరవై రెండు అని పిలిస్తే ఎవరూ లేవలేదు. గట్టిగా పిలిచింది. బెంచీ చివర్నుంచి అన్నయ్య లేచాడు, చేతిలో చీటీ పట్టుకుని. రెండు గంటల్నుంచీ లైన్లో కూర్చున్నాడట.

"నీకేమైంది?" అని గాబరాగా లోపలికి లాక్కుపోయింది.

"నాకేం కాలేదు. ఫోన్లో నాకు సరిగా వినపడదు. ఇంటికొస్తే నువ్వు తలుపు తీస్తావో లేదోనని..." అని బల్ల అంచున కూర్చున్నాడు. "రాసెయ్యి. ఉన్నదున్నట్టు రాయి. ప్లేటు మార్చింది నేనేనని నా పేరు కూడా రాయి. ఫోర్‌మన్ పోయి ఇరవై ఏళ్లయింది, పోయినవాడి మీదికి తోసేయకు. మరి ఆ అరవై మూడు... అసలు పదిహేడు... ఎక్కడైనా కనిపించిందా నీకు?"

ఆమెకు తెలుసు. కిందటేడు వర్క్‌షాపు వెనక తుక్కు లైన్లో నిలబెట్టిన బండ్లన్నిటినీ ఫొటోలు తీసినప్పుడు అరవై మూడు అందులో ఉంది. రెండో విడతవి చాలానే ఉన్నాయి కదా అని దానికి ఒక్క ఫొటోతో సరిపెట్టింది.

"ఉంది. ఇంకా కోసెయ్యకపోతే" అంది. "ఎల్లుండి నాకు సెలవు."

ఎల్లుండి ఇద్దరూ రెండు బస్సులు మారి, ఎండలో అరమైలు కంకర మీద నడిచి తుక్కు లైనుకు చేరారు. వరసగా పన్నెండు బండ్లు. మొదటి చివర గ్యాస్ కట్టర్ పనిచేస్తోంది. కోసేవాళ్ల మేస్త్రీ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "ఫొటోలేగా, తీసుకోండి. రోజుకి ఒకటి లెక్కన కోస్తున్నాం. మీరు అడిగినది ఎనిమిదోది" అన్నాడు. అప్పటికి రెండు అయిపోయాయి. మూడోది సగంలో ఉంది.

ఎనిమిదో బండి దగ్గర ఆమె మోకాళ్ల మీద కూర్చుని, తెచ్చుకున్న ఇనప బ్రష్షుతో కింది అంచు తోమింది. పొడి మట్టి పెళ్లలుగా రాలింది. ఒక రివెట్టు, దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. తల తిప్పి చూస్తే అన్నయ్య నిచ్చెన మీదున్నాడు.

"దిగు! అరవై నాలుగేళ్ల మనిషివి!"

ఆయనకు వినపడలేదో, వినపడనట్టు నటించాడో. ఆమె కూడా వెనకాలే ఎక్కింది, మోకాళ్లు తిట్టుకుంటూ. పైకప్పు కాలుతోంది. వాడు పడిపోయిన మూడో మూత దగ్గర ఆయన గొంతుక్కూర్చుని, రెండు చేతులతో కొక్కెం లాగాడు. తుప్పుపట్టిన మూత కీచుమని లేచింది. లోపల చీకటి. అడుగున గరాటు నోటి సందులోంచి సన్నటి వెలుగు. ఆ వెలుగుకూ ఈ మూతకూ మధ్య అడ్డంగా ఏమీ లేదు. ఒక్క చువ్వ కూడా లేదు.

అన్నయ్య చాలాసేపు లోపలికి చూస్తూ ఉండిపోయాడు. కళ్ల వెంట నీళ్లు కారి గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు.

"వాడు పడ్డప్పుడు నవ్వాడే" అన్నాడు. "మొదట నవ్వాడు. జారితే ఎవరైనా నవ్వినట్టు."

ఆమె ఆయన చొక్కా వెనక గట్టిగా పట్టుకుంది, పడిపోకుండా. రెండో చేత్తో ఫొటోలు తీసింది. మూత, కొక్కెం, మూత కింద ఖాళీ. ఒంటిచేత్తో తీయడం వల్ల సగం ఫొటోలు మసకగా వచ్చాయి.

ఆ సాయంత్రమే ఆఫీసరమ్మకు మూడు వాక్యాల బదులు నాలుగు పేజీలు రాసింది. అన్నయ్య సంతకం పెట్టాడు. మర్నాడు ఆఫీసరమ్మ ఫోను చేసింది. గొంతులో ఆ పరుగు లేదు.

"మేడమ్, క్రేనుకీ చోటుకీ ఎవరెవరి కాళ్లు పట్టుకున్నానో మీకు తెలీదు. ఇప్పుడు తప్పు బండి తెచ్చానంటే నన్నేమంటారు?"

"తప్పు నాది. నా పేరు చెప్పండి."

"మీ పేరే పేపర్లో ఉంది కదా" అని నిట్టూర్చింది. "జాలీ నిజంగా లేదా?" అంది.

"లేదు. వచ్చి చూడండి. ఇంకో నాలుగు రోజులుంది."

ఆఫీసరమ్మ వచ్చింది. పైకెక్కింది. దిగాక ఇంకేమీ అడగలేదు. అసలు పదిహేడును కూడా తరలించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆ మూడు రోజులూ ఆమె ఎక్కని మెట్టు లేదు, కొట్టని తలుపు లేదు. చివరికి "భాగాలు మాత్రం తీసుకోవచ్చు" అని ఒక కాగితం దొరికింది. మేస్త్రీ మంచివాడు. పైకప్పులో మూడో మూత ఉన్న మేర తలుపంత ముక్కను విడిగా, అంచులు కాలకుండా కోసిపెట్టాడు. కింది అంచులో పన్నెండు రివెట్లున్న ముక్క కూడా అడక్కుండానే కోసి ఇచ్చాడు. "మీవాళ్ళ గుర్తా?" అని అన్నయ్యను అడిగాడు. "మావాడే" అన్నాడు అన్నయ్య. పదిహేడో బండిలో తక్కినదంతా ఆ మధ్యాహ్నానికి లారీలో తుక్కయి పోయింది.

ప్రారంభం నెలన్నర వెనక్కి పోయింది. గూడ్సుబండ్ల ఫొటోలు తీసేవాళ్లలో కొందరు, గూడ్సమ్మ కూడా పప్పులో కాలేసిందని పండగ చేసుకున్నారు. పేపరువాళ్లు మొదట వేసిన ఫొటో పావు పేజీ, దిద్దుబాటు నాలుగు గీతలు. ఎక్స్‌రే గది తలుపుకున్న కాగితాన్ని ఆమే పీకేసింది. అన్నయ్యకు సంజాయిషీ అడుగుతూ ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత నెలకు, చాలాకాలమైంది గనక ఫైలు మూసేస్తున్నామని ఇంకోటి వచ్చింది. వదిన మాత్రం ఆయన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు కష్టంగా ఉందని చెల్లెలితో చెప్పుకున్నాడు.

పాత విచారణ ఫైలును ఆఫీసరమ్మ రికార్డుల గదిలోంచి వెతికి తీయించింది. అన్నయ్య సంతకం చేసిన కాగితాన్నీ, మూత కింద ఖాళీ కనిపించే ఫొటోనూ దానికి జతచేయించింది. అజాగ్రత్త అన్న మాటను ఎవరూ కొట్టేయలేదు. కాకపోతే దాని వెనక ఇప్పుడు ఇంకో కాగితం ఉంది.

ప్రారంభం రోజు పాతికమంది కూడా రాలేదు. వానొచ్చేలా ఉంది. పట్టాల ముక్క మీద రెండో విడత బండి నిలబడి ఉంది, తన అసలు నంబరుతో. దాని పక్కన నడుమెత్తు దిమ్మ మీద పైకప్పు ముక్క, దాని మీద మూత తెరిచి పెట్టి ఉంది. ఆ పక్కన బోర్డు. ఈ మూత మొదటి విడత పదిహేడో బండిదనీ, దాని కింద జాలీ లేదనీ, ఇందులో పడి ఒక లోడింగు కార్మికుడు చనిపోయాడనీ, తప్పు అతనిది కాదనీ రాసి ఉంది. అతని అసలు పేరు ఫైల్లో దొరికింది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆ పేరే వేశారు. ప్లేట్లు ఎవరు మార్చారో కింద ఒక వాక్యంలో ఉంది.

అన్నయ్య కళ్లజోడు పెట్టుకుని బోర్డంతా రెండుసార్లు చదివాడు. చిన్న అక్షరాల దగ్గరికి వంగి తన పేరు కూడా చదువుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ చెట్టుకింద బెంచీ మీద కూలబడ్డారు. జనం వెళ్లిపోతున్నారు. ఆమెకు ఆ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడాయన, బండి వైపే చూస్తూ.

ఆమె ఆలోచించింది. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"లేదు" అంది, ఎడమచెవి దగ్గరికి వంగి, గట్టిగా.

"సరే" అని తలూపాడు. "ఉండనీ."

కాసేపయ్యాక ఆమె లేచి, చీర మీది దుమ్ము దులుపుకుని, "గేటు దగ్గర టీ కొట్టుంది. తాగుతావా?" అంది.

"తాగుతాను" అన్నాడు, లేవడానికి చెయ్యి చాపుతూ.